పదవ నాడి

భయం ఎరుగని మానవుడు లేడని పెద్దలంటారు. కానీ తన భయాన్ని గూర్చి నలుగురిలో నోరు విప్పి చెప్పుకున్న మానవుడు మాత్రం అరుదు. నేనూ ముప్ఫై ఏళ్ళకు పైగా చెప్పుకోలేదు. ఈ వార్షిక సంచికకు జంతుశాస్త్ర విభాగం తరఫున ఏదైనా ఒక వ్యాసం వ్రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరినప్పుడు, మొదట సీతాకోకచిలుకలను గూర్చి వ్రాద్దామనుకున్నాను. తీరా కాగితం ముందు కూర్చున్న తరువాత, గత సంవత్సరం పరీక్షల వేళ జరిగిన ఒక సంఘటన తప్ప మరేదీ మనసుకు రాలేదు.

ఆ రోజు నేను పరీక్షా మందిరంలో పర్యవేక్షకునిగా ఉన్నాను. ప్రశ్నపత్రాలు పంచి పది నిమిషాలైనా కాలేదు. మూడవ వరుసలో కూర్చున్న ఒక విద్యార్థిని కలం క్రింద పెట్టి, ఎవరి వైపూ చూడకుండా లేచి బయటికి వెళ్ళిపోయింది. నేను వెనుకనే వెళ్ళాను. వరండా చివర మంచినీళ్ళ కుళాయి దగ్గర గోడను పట్టుకొని నిలబడి ఉన్నది. చేతులు వణుకుతున్నాయి. ముఖం పాలిపోయింది. నుదుట చెమట. "ఏమయిందమ్మా?" అని అడిగాను. "కడుపు నొప్పి సార్" అన్నది.

ఆమె తరగతిలో శ్రద్ధగా చదివే అమ్మాయి. ఆ ఇంట డిగ్రీ తరగతి దాకా వచ్చిన మొదటి మనిషి. ఈమె ఎట్లా నెగ్గుకొస్తుందో చూచి, వెనుక ఉన్న ఇద్దరు చెల్లెళ్ళ చదువు సంగతి నిర్ణయించాలని ఇంట్లో పెద్దలు కాచుకొని ఉన్నారని నాకు తెలుసు. అది తెలిసి కూడా నేను అన్న మాట ఇది: "చదివిన వాళ్ళకు భయమెందుకమ్మా? ధైర్యంగా ఉండాలి." లోకంలో అందరూ అనే మాటే. ఆమె తల ఊపింది. లోపలికి మాత్రం రాలేదు. ఆ పత్రం పోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే, 1991లో సరిగ్గా అవే మాటలు నేను మరొకరితో చెప్పి ఉన్నాను.

అప్పుడు నేను బి.ఎస్సీ. ఆఖరు సంవత్సరం విద్యార్థిని. ఆ రోజుల్లో జంతుశాస్త్ర ప్రయోగ పరీక్షలో కప్పను కోసి, దాని కపాల నాడులను విడదీసి చూపవలసి ఉండేది. నేను పొద్దుటి నుండి శ్రమపడి చక్కగానే విడదీశాను. పరీక్షాధికారి వచ్చి మెచ్చుకోలుగా చూచి, "కప్పకు కపాల నాడులు ఎన్ని జతలు?" అని అడిగారు. "పది" అన్నాను. "పదవ నాడి పేరేమిటి?" అన్నారు. ఆ పేరు నాకు తెలియక కాదు. రాత్రి పడుకునే ముందు కూడా వల్లె వేసిన పేరది. కానీ ఆ క్షణంలో అది నా తలలో లేదు. నోరు ఎండిపోయింది. గుండె చప్పుడు చెవులలో వినిపించసాగింది. గది నాకు దూరంగా జరిగిపోతున్నట్లు తోచింది. ఇక్కడే చచ్చిపోతానేమో అనిపించింది. "కడుపు నొప్పి సార్" అని గొణిగి బయటపడ్డాను. ఆయన మంచివారే. కాసేపాగి రమ్మని కబురు పంపారు. నేను వెళ్ళలేదు. ఒక సంవత్సరం పోయింది. ఇంట్లో అబ్బాజాన్‌కు కూడా కడుపు నొప్పి అనే చెప్పాను. దాదీమా నీళ్ళపై దుఆ చదివి, ఊది, నా చేత త్రాగించింది. ఆమె ఒక్కతే నా ముఖం చూచి, "బచ్చా డర్ గయా" అన్నది. పిల్లవాడు జడుసుకున్నాడని. నాకు ఆ మాట మీద కోపం వచ్చింది.

భయపడినందుకు గాక, భయపడినట్లు తెలిసిపోయినందుకు కలిగిన కోపం అది. ఎందుకట్లా? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ నేను చదివినదీ, నా శిష్యురాలికి ఆ రోజు చెప్పవలసి ఉండి చెప్పలేకపోయినదీ ఇక్కడ వ్రాస్తున్నాను.

మన రెండు భాషలలోనూ భయం ఉండే చోటు గుండె. తెలుగువారికి గుండె జారిపోతుంది, గుండె దడదడలాడుతుంది. ఉర్దూవారికి దిల్ బైఠ్ జాతా హై, కలేజా ముఁహ్ కో ఆతా హై. తెలుగువారి గాబరా, ఉర్దూవారి ఘబ్రాహట్ ఒకే కుదురు నుండి వచ్చిన మాటలు. ఈ సంచికలో ఉర్దూ విభాగం కుడి వైపు నుండి, తెలుగు విభాగం ఎడమ వైపు నుండి తెరుచుకుంటాయి. ఎటు నుండి తెరిచినా గాబరా ఒక్కటే. మగ్రిబ్ నమాజు ముగిసే వేళకు, జడుసుకున్న పసిపిల్లలను చంకనెత్తుకొని తల్లులు మసీదు గుమ్మం ముందు నిలబడి ఉండటం మన ఊళ్ళలో అందరూ చూచినదే. వారిలో బురఖా వేసినవారూ ఉంటారు, బొట్టు పెట్టినవారూ ఉంటారు. నమాజీలు బయటికి వస్తూ ఆ పిల్లల ముఖాన ఊదుతారు. పసివాడు జడుసుకుంటే మనం తప్పు పట్టము. ఇరవై ఏళ్ళవాడు జడుసుకుంటే మాత్రం పిరికివాడంటాము. ఆ రెండింటిలోనూ దేహంలో జరిగే పని ఒక్కటే.

ఆ పని మొదలయ్యేది గుండెలో కాదు, మెదడులో. కణతల లోతున, ఇరుప్రక్కలా ఒక్కొక్కటి చొప్పున, బాదం గింజను పోలిన నాడీకణాల గుంపు ఉంటుంది. జర్మన్ శరీర నిర్మాణ శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫ్రీడ్రిష్ బుర్డాక్ 19వ శతాబ్దపు తొలినాళ్ళలో దానికి అమిగ్డలా అని పేరు పెట్టాడు. గ్రీకు భాషలో బాదమును తెలిపే మాట నుండి వచ్చిన పేరది. దాని పని ఏమిటో తెలియడానికి నూరేళ్ళకు పైగా పట్టింది. 1930 దశకంలో హైన్రిష్ క్లూవర్, పాల్ బ్యూసీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కోతుల మెదడులో కణతల భాగాలను తొలగించి చూచారు. అంతవరకు పామును చూచి హడలిపోయిన కోతులు ఆ తరువాత దానిని చేతితో పట్టుకోసాగాయి. 1956లో లారెన్స్ వైస్‌క్రాంజ్ అమిగ్డలాను గాయపరచినంత మాత్రాన కూడా కోతులలో భయం తగ్గిపోతుందని చూపాడు.

అమిగ్డలా ఎట్లా పని చేస్తుందో గ్రహించడానికి మన వేదాంతులు చెప్పే రజ్జుసర్ప భ్రాంతి చక్కని ఉదాహరణ. మసక చీకటిలో త్రోవలో ఏదో మెలికలు తిరిగి కనబడుతుంది. మనం ముందు వెనక్కు గెంతుతాము. తరువాత అది త్రాడని తెలుసుకుంటాము. గెంతిన తరువాత తెలుసుకున్నామే గాని, తెలుసుకొని గెంతలేదు. అమెరికా శాస్త్రజ్ఞుడు జోసెఫ్ లెడూ ఎలుకలకు ఒక శబ్దం వినిపించి, వెంటనే చిన్న విద్యుదాఘాతం కలిగించి, ఆ శబ్దాన్ని భయహేతువుగా నేర్పాడు. శబ్దవార్త మెదడులోని థలామస్ అనే కూడలికి చేరి, అక్కడి నుండి రెండు దారులలో సాగుతుందని కనుగొన్నాడు. ఒకటి తిన్నగా అమిగ్డలాకు పోయే అడ్డదారి. రెండవది మెదడు పై పొర అయిన వల్కలం మీదుగా, విచారణ జరిపించుకొని పోయే రాజమార్గం. అడ్డదారిన వచ్చిన వార్త అస్పష్టంగా ఉంటుంది, కానీ ముందుగా చేరుతుంది. త్రాడును పామనుకుంటే పోయేది ఒక్క గెంతు మాత్రమే. పామును త్రాడనుకుంటే ప్రాణమే పోతుంది. కనుక ప్రకృతి తొందరపాటునే మనకు మేలుగా ఏర్పరచింది.

అమిగ్డలా ప్రమాద ఘంటిక మోగించిన తరువాత జరిగేదంతా, నేను చదువుకునే రోజుల్లో తెలుగు పాఠంలో వల్లె వేసినదే. భరతుని నాట్యశాస్త్రం ఎనిమిది సాత్త్విక భావాలను పేర్కొన్నది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రలయం. నటుడు భయానక రసాన్ని పోషించాలంటే వీటిలో పెక్కింటిని చూపాలి. శరీర ధర్మశాస్త్రం వీటికి దారులు చూపుతుంది. అమిగ్డలా మెదడు కాండంలోని ఒక భాగానికి కబురు పంపితే మనిషి కదలక నిలిచిపోతాడు, అది స్తంభం. హైపోథలామస్‌కు కబురు పంపితే సహానుభూత నాడులు మేల్కొంటాయి. వాటి వలన స్వేదగ్రంథులు చెమర్చుతాయి, వెంట్రుకల మొదళ్ళలోని చిన్న కండరాలు బిగిసి రోమాంచం కలుగుతుంది, చర్మంలోని రక్తనాళాలు సన్నబడి ముఖం పాలిపోతుంది. వణుకు వేపథువు. గొంతు కండరాలు బిగియడం స్వరభేదం. పరీక్షా మందిరం బయట కుళాయి దగ్గర నిలబడిన ఆ అమ్మాయిలో వీటిలో నాలుగింటిని నేను కన్నులారా చూచాను. నాట్యశాస్త్రం పరీక్షలో వీటిని వ్రాసి మార్కులు తెచ్చుకున్నవాడిని, ఎదుట నిలబడినప్పుడు గుర్తు పట్టలేకపోయాను.

ఈ మార్పులకు ఇంధనం రసాయనాలు. మూత్రపిండాలపై టోపీల వలె ఉండే అధివృక్క గ్రంథుల నడిమి భాగం నుండి అడ్రినలిన్ కొద్ది క్షణాలలోనే రక్తంలో కలుస్తుంది. మెదడులో దాని తోబుట్టువైన నారడ్రినలిన్ వెలువడి, చూపునూ వినికిడినీ అప్రమత్తం చేస్తుంది. ఇదంతా పోరాడటానికో పారిపోవడానికో దేహం చేసుకునే సన్నాహమని హార్వర్డ్ వైద్య పాఠశాలకు చెందిన వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథంలో వివరించాడు. పారిపోయే కాలికి కావలసిన శక్తిని నిలువచేసే ఏటీపీని గూర్చి అదే వైద్య పాఠశాలలో ఫిస్కేతో కలిసి పరిశోధించి 1929లో ప్రకటించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఎదుట పులి ఉంటే ఈ సన్నాహమంతా వరమే. ఎదుట ప్రశ్నపత్రం ఉన్నప్పుడు పారిపోవడానికీ వీలులేదు, పోరాడటానికీ వీలులేదు. కాళ్ళలోకి చేరిన శక్తి కుర్చీలోనే వణుకుగా మారుతుంది.

అడ్రినలిన్ వెనుక, కొన్ని నిమిషాలకు, కార్టిసాల్ వస్తుంది. హైపోథలామస్ పీయూష గ్రంథికి చెబుతుంది, పీయూష గ్రంథి అధివృక్క గ్రంథి పై పొరకు చెబుతుంది. పరీక్షలు వ్రాసే వారందరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఇక్కడ ఉన్నది. 2000 సంవత్సరంలో శాస్త్రజ్ఞులు కొందరు మనుషుల చేత ముందుగా కొన్ని పదాలు కంఠస్థం చేయించి, మరునాడు వారిలో కార్టిసోన్ మాత్ర ఇచ్చి పరీక్షించారు. మాత్ర మింగిన వేళ వారు తాము నేర్చిన పదాలను తక్కువగా గుర్తుకు తెచ్చుకోగలిగారు. నేర్చుకోవడంలో లోపం లేదు, భద్రపరచుకోవడంలో లోపం లేదు. బయటికి తీసుకోవడంలోనే అడ్డు పడింది. అంతేగాక, ఒత్తిడి మితిమీరినప్పుడు నుదుటి వెనుకనున్న వల్కలభాగం, అనగా ఆలోచించి నిర్ణయించే భాగం, తాత్కాలికంగా మందగిస్తుంది. 1991లో నా తలలో ఆ పేరు లేకపోలేదు. ఇంట్లోనే ఉన్న మనిషి తలుపు గడియ తీయలేకపోయాడు, అంతే. ఈ ఒక్క ముక్క ఆనాడు ఎవరైనా చెప్పి ఉంటే, నేను చదువు రానివాడినని ఏడాది పాటు కుమిలిపోయి ఉండేవాడిని కాను.

భయానికి ఎదుట పాము ఉంటుంది. ఆందోళనకు ఎదుట ఏదీ ఉండదు, రేపు ఉంటుంది. రేపు ఏమవుతుందో, ఎవరేమంటారో అన్న ఊహకు కూడా అమిగ్డలా పామును చూచినట్లే స్పందించగలదు. దానిని అదుపులో పెట్టడానికి మెదడు మరొక రసాయనాన్ని ఏర్పాటు చేసుకున్నది. దాని పేరు గాబా. గ్లుటమేట్ అనే ద్రవ్యం నాడీకణాలను ఉసిగొల్పుతుంది, గాబా వాటిని శాంతింపజేస్తుంది. 1963లో వాలియం అనే పేరుతో బజారుకు వచ్చిన డయజెపామ్ ఎట్లా పని చేస్తుందో తొలుత ఎవరికీ తెలియదు. 1977లో మెదడులో అది వెళ్ళి అతుక్కునే స్థానాలు బయటపడ్డాయి. ఆ మాత్ర తనంత తాను శాంతిని తీసుకురాదు. మన గాబా చేసే పనికి బలం చేకూరుస్తుంది, అంతే. కానీ అలవాటైతే విడవడం కష్టం. వైద్యుని సలహా లేకుండా పరీక్ష ముందు రోజు మందుల దుకాణంలో అడిగి తెచ్చుకొని మింగదగిన వస్తువు కాదది. ఇక నేడు వైద్యులు తరచుగా ఇచ్చే మందులు కొన్ని సెరటోనిన్‌ను నాడీకణ సంధులలో ఎక్కువసేపు నిలుపుతాయి. ఆ మార్పు గంటలలోనే మొదలవుతుంది. మనసుకు ఊరట మాత్రం కొన్ని వారాలకు గాని రాదు. కనుక ఏదో ఒక రసాయనం తక్కువైంది, పోసి నింపితే సరిపోతుంది అనుకోవడం పొరపాటు. మెదడు నిదానంగా తనను తాను సవరించుకోవలసి ఉంటుంది.

ఇంతవరకు చదివినవారు, అమిగ్డలాను తీసివేస్తే భయం బెడద వదిలిపోతుంది కదా అనవచ్చు. అట్టి మనిషి ఒకామె నిజంగానే ఉన్నారు. ఒక అరుదైన జన్యువ్యాధి వలన ఆమె రెండు అమిగ్డలాలూ నశించాయి. శాస్త్రగ్రంథాలు ఆమెను ఎస్.ఎం. అనే రెండక్షరాలతో మాత్రమే పిలుస్తాయి. ఎదుటివారి ముఖంలో భయాన్ని ఆమె గుర్తించలేదని 1994లో ప్రకటించారు. పాములు అమ్మే దుకాణానికి తీసుకువెళ్తే, పామును చేతిలోకి తీసుకొని కుతూహలంగా నిమిరిందని 2011లో ప్రకటించారు. కానీ ఆ నిర్భయత్వం వరం కాలేదు. అపాయాన్ని పసిగట్టలేక ఆమె పలుమార్లు అపాయంలో పడింది. అంతకంటె ఆశ్చర్యకరమైన సంగతి 2013లో వెల్లడయింది. అమిగ్డలాలు నశించిన ముగ్గురి చేత, వారిలో ఆమె కూడా ఒకరు, 35 శాతం బొగ్గుపులుసు వాయువు కలిసిన గాలిని ఒక్కసారి పీల్పించారు. ముగ్గురూ తీవ్రమైన భయంతో విలవిలలాడిపోయారు. అనగా బయటి నుండి వచ్చే పామును అమిగ్డలా కనిపెడుతుంది గాని, లోపల నుండి వచ్చే ఊపిరాడని భయానికి వేరే దారులు కూడా ఉన్నాయి. అమిగ్డలా చేసేది అపాయాన్ని పసిగట్టి దేహాన్ని సిద్ధం చేయడమనీ, నేను భయపడుతున్నానన్న ఎరుక మెదడులో మరింత విశాలమైన పని అనీ లెడూ కూడా తరువాతి గ్రంథాలలో స్పష్టం చేశాడు. బాదం గింజ మీద నేరమంతా మోపి చేతులు దులుపుకోవడానికి వీలులేదు. ఆ ఎరుకలో మన పెంపకం, మన ఇల్లు, మన తరగతి గది అన్నీ ఉన్నాయి.

నేర్చిన భయాన్ని మాన్పవచ్చునా? మాన్పవచ్చును గాని తుడిచివేయలేము. గంట మ్రోగించి ఆహారం పెట్టకపోతే కుక్క నోటిలో నీరూరడం క్రమంగా ఆగిపోతుందనీ, కొంతకాలం గడిచాక మళ్ళీ తనంత తాను వస్తుందనీ రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్ ఏనాడో గమనించాడు. భయం సంగతీ ఇంతే. పాత పాఠం చెరిగిపోదు. దాని ప్రక్కన, ఏమీ కాలేదు అనే కొత్త పాఠం చేరుతుంది. ఆ కొత్త పాఠాన్ని నుదుటి వెనుక వల్కలంలోని కణాలు గుర్తుంచుకుంటాయని 2002లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. అయితే భయపడిన చోటికి తిరిగి వెళ్తేనే కొత్త పాఠం అందుతుంది. నేను 1991 తరువాత ఏ సభలోనూ నిలబడి మాట్లాడలేదు. స్నేహితుని పెళ్ళిలో నాలుగు మాటలు చెప్పమంటే కూడా ఏదో సాకు చెప్పి తప్పించుకున్నాను. తప్పించుకున్న ప్రతిసారీ హాయిగా ఉండేది. ఆ హాయే నా భయానికి మేత అయింది. చివరకు ఉపన్యాసకుని ఉద్యోగం వచ్చి, వేరే గతి లేక తరగతి ముందు నిలబడ్డాను. మొదటి రోజు గొంతు పెగలలేదు. రెండవ రోజు కూడా అంతే. నెల తిరిగేసరికి పెగిలింది. నేటికీ వార్షికోత్సవ వేదిక ఎక్కినప్పుడు గుండె దడదడలాడుతుంది. అది పాత పాఠమని ఇప్పుడు తెలుసు కనుక దిగి పారిపోను.

ఇక ఆ పదవ నాడి సంగతి చెప్పాలి. దాని పేరు వేగస్. మెదడు కాండం నుండి బయలుదేరి, మెడ గుండా దిగి, గుండెకూ కడుపుకూ ప్రాకే నాడి. 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవి అనే శాస్త్రజ్ఞుడు రెండు కప్పల గుండెలను వేరుచేసి, ఒకదాని వేగస్ నాడిని ప్రేరేపించాడు. ఆ గుండె నెమ్మదించింది. దాని చుట్టూ ఉన్న ద్రవాన్ని తీసి రెండవ గుండెపై పోయగా అదీ నెమ్మదించింది. నాడులు రసాయనాలతో మాట్లాడుకుంటాయని లోకానికి రుజువైన ప్రయోగమది. ఆ రసాయనం అసిటైల్‌కోలిన్. ఈ ప్రయోగం తనకు కలలో తోచిందనీ, అర్ధరాత్రి లేచి వ్రాసుకున్నది ఉదయం తనకే అర్థం కాలేదనీ, మరునాటి రాత్రి అదే కల మళ్ళీ వస్తే వెంటనే లేచి ప్రయోగశాలకు పరుగెత్తాననీ లోవి చెప్పుకున్నాడు. 1936లో నోబెల్ బహుమతి అందుకున్న మహాశయుడు కూడా ఒక రాత్రి తన జవాబును పోగొట్టుకున్నాడన్నమాట.

ఆనాడు నన్ను అడిగింది, దడదడలాడే నా గుండెను నెమ్మదింపజేయగల నాడి పేరే. గాలి లోనికి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగపడుతుంది, విడిచినప్పుడు వేగస్ వలన కొంచెం నెమ్మదిస్తుంది. కనుక విడిచే శ్వాసను పొడిగించి, నిదానంగా కొన్ని నిమిషాలు కూర్చున్నవారికి గుండె దడ తగ్గడం వింత కాదు. ఇది ఏ మంత్రమూ కాదు, కలం పట్టుకొని కుర్చీలో కూర్చునే చేయవచ్చు.

రెండవ ఉపాయం, భయానికి పేరు పెట్టి పలకడం. భయపడిన ముఖాల చిత్రాలను చూపి, ఆ భావానికి పేరు చెప్పమన్నప్పుడు, చూచేవారి అమిగ్డలా స్పందన తగ్గుతుందని 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం ప్రకటించింది. మన పూర్వులకు ఈ విషయం మరొక రూపంలో తెలుసు. బల్ఖ్ నగరానికి చెందిన అబూ జైద్ అల్-బల్ఖీ 934లో మరణించాడు. ఆయన దేహానికీ ఆత్మకూ క్షేమం కలిగించే విషయాలపై అరబ్బీలో వ్రాసిన గ్రంథంలో భయాందోళనలకు ప్రత్యేకంగా చోటిచ్చాడు. దేహానికి రోగం వచ్చినట్లే మనసుకూ వస్తుందనీ, అది సిగ్గుపడవలసిన సంగతి కాదనీ ఆయన భావం. అవసరానికి మందులు ఇంట్లో దాచుకున్నట్లు, మనసు నెమ్మదిగా ఉన్న రోజుల్లోనే మంచి ఆలోచనలను దాచి ఉంచుకొని, గాబరా వేళ బయటికి తీయాలని కూడా సలహా ఇచ్చాడు. వెయ్యేళ్ళ తరువాత మనం మాత్రం మానసిక వైద్యం అనగానే ఎర్రగడ్డ పేరెత్తి నవ్వుకుంటున్నాము. ఆ నవ్వుకు భయపడి ఎందరు పిల్లలు కడుపు నొప్పి అని చెబుతున్నారో ఆలోచించండి.

గాబరా వారాల తరబడి వదలక, నిద్రనూ చదువునూ పాడు చేస్తూ ఉంటే అది వైద్యునికి చూపవలసిన విషయం. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి-మానస్ అనే సేవను ప్రారంభించింది. 14416 సంఖ్యకు ఫోను చేసి ఖర్చు లేకుండా మాట్లాడవచ్చు. కళాశాల కమిటీ పెద్దలకు కూడా నాదొక విన్నపం. మన కళాశాల స్వయంగా జరుపుకునే పరీక్షలలోనైనా, గాబరాతో లేచి వచ్చిన విద్యార్థిని పది నిమిషాలు ప్రక్క గదిలో కూర్చోబెట్టి, తిరిగి వ్రాయనిచ్చే ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఒక కుర్చీ, ఒక కూజా మంచినీళ్ళు, ప్రక్కన ఒక పెద్దమనిషి ఉంటే చాలును.

ఆ అమ్మాయి తరువాత సప్లిమెంటరీలో ఆ పత్రం వ్రాసి ఉత్తీర్ణురాలైంది. ఈ వ్యాసాన్ని అచ్చుకిచ్చే ముందు ఆమెకు చూపి, అనుమతి అడిగాను. మొదటి పుట చదివి, "సార్, మీరు నేను అబద్ధం చెప్పినట్లు వ్రాశారు. నాకు నిజంగానే కడుపులో నొప్పి వచ్చింది" అన్నది. నాకు మాట తోచలేదు. ఇంటికి వెళ్ళి కానన్ సంగతులు మళ్ళీ తిరగవేశాను. ఆయన భయాన్ని గూర్చి పరిశోధన మొదలుపెట్టడానికి కారణమే కడుపు. 1890 దశకంలో, తాను ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడు, పిల్లుల జీర్ణక్రియను ఎక్స్-రే కిరణాలతో గమనిస్తూ, పిల్లి బెదిరినప్పుడల్లా దాని కడుపులోని కదలికలు ఆగిపోవడం చూచాడు. భయం గుండెనే గాక కడుపును కూడా పట్టుకుంటుంది. అప్పుడు 1991లోని ఆ రోజును మళ్ళీ జ్ఞాపకం చేసుకున్నాను. నిజమే, నాకూ కడుపులో మెలిపెట్టినట్లే ఉండింది. ముప్ఫై ఏళ్ళకు పైగా అబద్ధమని సిగ్గుపడుతూ వచ్చిన మాట సగం నిజమే. చెప్పకుండా దాచిన మిగతా సగమే నా సంవత్సరాన్ని తినివేసింది.

విద్యార్థినీ విద్యార్థులారా, ప్రయోగశాల ప్రక్క గదిలో నేను మధ్యాహ్నం పూట ఉంటాను. కడుపు నొప్పి అని వచ్చినా సరే, గాబరాగా ఉంది సార్ అని వచ్చినా సరే. ఏ భాషలో చెప్పినా నాకు అర్థమవుతుంది. ధైర్యంగా ఉండమని మాత్రం ఈసారి చెప్పను. కూర్చోమంటాను.